కడబంతి గరిటె

నేను ఒక గరిటెను. ఇత్తడి గరిటెను. అందులోనూ పప్పు గరిటెను. ఇంత విడమరిచి చెప్పడానికి కారణం ఉంది. స్టీలు గరిటెలతో కలిపి నన్ను లెక్కేస్తే నాకు పడదు. వాటికి వంశం ఉండదు. యంత్రం నోట్లోంచి ఊడిపడతాయి, అన్నిటివీ ఒకే మొహాలు. నన్ను మాత్రం అజ్జరంలో ఒక ఇత్తడి పనాయన పగిలిన బిందె ఒకటి, మూతపోయిన మరచెంబు ఒకటి, ఎవరి పెళ్ళిలోనో సొట్టపడ్డ గంగాళం ముక్క ఒకటి కరిగించి తయారుచేశాడు. కాబట్టి పుట్టేసరికే నాకు నీళ్ళు మోసిన అనుభవం, రైలెక్కిన అనుభవం, పెళ్ళిలో దెబ్బలు తిన్న అనుభవం ఉన్నాయి. మనుషులకు ఇవన్నీ రావడానికి సగం జీవితం పడుతుంది.

ఆ పనాయన నన్ను కొట్టి కొట్టి గుంత తేల్చి, కాడ బిగించి, చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాడు. నేను టంగ్ అన్నాను. దీనికి గొంతుంది అన్నాడాయన. నా జీవితంలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే. ఆ తర్వాతి మెప్పులన్నీ పప్పుకు పోయాయి.

కాకినాడలో ఒక పాత్రల కొట్టులో వేలాడుతుండగా ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చి నన్ను కొన్నారు. పెద్దావిడ నూకరత్నం, చిన్నావిడ వీరవేణి. నూకరత్నానికి మొగుడు పోయాడు. వీరవేణికి మొగుడు వెళ్ళిపోయాడు. పోవడానికీ వెళ్ళిపోవడానికీ తేడా ఏమిటంటే, పోయినవాడికి ఏటా తద్దినం పెట్టాలి. వెళ్ళిపోయినవాడికి ఆ ఖర్చు లేదు. అందుకని వీరవేణే అదృష్టవంతురాలని ఇద్దరూ నవ్వుకునేవారు. నూకరత్నానికి ఒక కూతురు, పేరు లోవకుమారి. ముగ్గురూ బతకాలి కాబట్టి కోర్టు వెనకాల సందులో భోజనాల మెస్సు పెట్టారు.

అక్క పొయ్యి దగ్గర, చెల్లెలు వడ్డనలో. నేను చెల్లెలి చేతిలో. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు గానీ, నేను పోసిన పప్పంతా ఒకచోట పోస్తే కాకినాడ రేవులో ఓడలు పప్పులో తేలేవి, దిగాలంటే కెప్టెన్లు అన్నం కలుపుకుంటూ రావాల్సి వచ్చేది. గుమాస్తాలు, మందుల కంపెనీ కుర్రాళ్ళు, కాలేజీ పిల్లలు, కేసు ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళు, అందరూ ఒకే బల్ల మీద కూర్చునేవారు. ఓడినవాళ్ళకు వీరవేణి అడక్కుండానే రెండో గరిటె పోసేది. గెలిచినవాళ్ళు అడిగేదాకా ఆగేది.

ఆవిడకు ఒక పట్టుదల ఉండేది. ఆఖరి మనిషి లేచి చెయ్యి కడుక్కునేదాకా మెతుకు ముట్టేది కాదు. అందరూ వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, వంటగది గుమ్మంలో నిలబడేది. అప్పుడు నూకరత్నం పొయ్యి దగ్గర నుంచి లేచి, చెల్లెలి చేతిలోంచి నన్ను తీసుకుని, గిన్నె అడుగున అంటుకున్న పప్పు గీకి, నన్ను గిన్నె అంచుకు రెండుసార్లు కొట్టేది. టంగ్, టంగ్. ఆ పైన ఎప్పుడూ అదే మాట.

"రావే వేణీ, నాకూ ఆకలేత్తంది."

ఇద్దరూ పొయ్యి పక్కన కింద కూర్చునేవారు. అక్క చెల్లెలికి వడ్డించి నన్ను పక్కకు జరిపేది, చెల్లెలు అక్కకు వడ్డించేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. వీళ్ళిద్దరిదీ రోజూ కడబంతే. అడుగంటిన పప్పు, విరిగిన అప్పడం, పొద్దుటి నుంచీ పోగైన కబుర్లు. ఆ కబుర్లు నేను బయట చెప్పను. కోర్టు సందులో సగం మంది పరువు నా గుంతలో భద్రంగా ఉంది.

మధ్యాహ్నం ఆ వేళకు లోవ బళ్ళో ఉండేది. రాత్రి ఆ వేళకు పక్కగదిలో నిద్రపోతూ ఉండేది. అందువల్ల అమ్మా పిన్నీ అన్నం తినగా ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. వాళ్ళిద్దరూ పొయ్యి సెగ పీల్చుకుని బతుకుతారని చాలాకాలం నమ్మింది. ఇందులో వింతేమీ లేదు. మనుషులు తమకు అన్నం పెట్టిన చెయ్యిని బాగా గుర్తుపెట్టుకుంటారు, ఆ చెయ్యి ఎప్పుడు తిన్నదో అడిగితే మాత్రం ఆకాశంలోకి చూస్తారు. మొత్తానికి వీరవేణి అన్నం తినగా చూసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు నూకరత్నం, రెండోది నేను.

నడివయసులో వీరవేణికి షుగరు వచ్చింది. తర్వాత ఇన్సులిన్ వచ్చింది. నూకరత్నం పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే నర్సమ్మ అయిపోయింది. కంచంలో అన్నం పెట్టడం, చెల్లెలి పొట్ట మీద సూది వెయ్యడం, వెంటనే నన్ను టంగ్ టంగ్ మని కొట్టడం. సూదికీ ముద్దకూ మధ్య ఈగ దూరే సందు కూడా ఉండేది కాదు.

తర్వాత ఒక వేసవిలో నూకరత్నం పొయ్యి ఆర్పి పడుకుని మళ్ళీ లేవలేదు. ఈసారి ఏటా తద్దినం ఆవిడకే పెట్టాల్సి వచ్చింది. మెస్సు మూసేశారు. గంగాళాలు, బేసిన్లు, పళ్ళేలు తూకానికి వెళ్ళాయి. నేనూ తక్కెడ ఎక్కాను. మళ్ళీ కరిగి ఏ దీపపు కుందిగానో పుడతానని సిద్ధపడుతుండగా వీరవేణి వచ్చి తక్కెడలోంచి నన్ను తీసుకుని కొంగున చుట్టుకుంది.

అప్పటికే ఆవిడ మనసు అడుగంటుతున్న గిన్నెలా ఉండేది. పైపైన బాగానే ఉడుకుతున్నట్టుండేది, కింద మెల్లగా మాడుతోంది. లోవ తన ఇంటికి తీసుకెళ్ళింది. లోవ బట్టల షాపులో పని చేస్తుంది, పగలంతా నిలబడే ఉంటుంది, పెళ్ళి మాట ఎత్తితే కూర్చోవడానికే తీరిక లేదంటుంది. ఒకరోజు వీరవేణి సూది వేసుకుని, వేసుకున్న సంగతి మరిచిపోయి, మళ్ళీ వేసుకుంది. లోవ ఇంటికి వచ్చేసరికి పిన్ని గుమ్మంలో చెమటల్లో తడిసి పడి ఉంది. నేను చేతిలోనే ఉన్నాను. ఆస్పత్రి వాళ్ళు బతికించారు. ఒంటరిగా ఉంచితే మళ్ళీ ఇదే జరుగుతుందన్నారు. అలా మేమిద్దరం సామర్లకోట దారిలో ఉన్న ఒక హోముకు చేరాం.

ఆ హోములో సూదుల పని ఎస్తేరుది. నర్సు. మంచి మనిషి, గోడ గడియారం కన్నా గట్టిది. భోజనానికి అరగంట ముందు సూది, ఆ తర్వాత భోజనం, ఇది ఆవిడ లెక్క. డాక్టరు చీటీలో కూడా అదే ఉంది. వీరవేణి సూది బుద్ధిగా వేయించుకునేది. తర్వాత నన్ను పట్టుకుని భోజనాల హాల్లోకి వెళ్ళి, వంటమనిషి చేతిలోంచి పప్పు గిన్నె లాక్కుని అందరికీ వడ్డించేది. ఇంకొంచెం వెయ్యనా, మారు అడగడానికి మొహమాటం దేనికండీ అని ఒక్కొక్కరి దగ్గరా ఆగేది. అందరూ లేచాక వంటగది గుమ్మంలో నిలబడేది. తినమంటే తల ఊపేది. కూర్చోమంటే వస్తానండీ అనేది. లోపలికి, పొయ్యి వైపు చూస్తూ నిలబడేది.

ఆవిడ ఎవరికోసం చూస్తోందో నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నదల్లా ఒక గుంత. ఎవరైనా గిన్నె అంచుకు నన్ను రెండుసార్లు కొడితే చాలు, నేను చెప్పాల్సింది చెప్పేస్తాను. ఆవిడ నన్ను ఎవరి చేతికీ ఇవ్వదు. తనకోసం తను కొట్టుకోదు.

సూది మాత్రం ఎవరికోసమూ ఆగదు. మొదటిసారి కాడ వణుకుతుంటే నేనే వణుకుతున్నాననుకున్నాను. వణికింది ఆవిడ చెయ్యి. ఎస్తేరు పరిగెత్తుకొచ్చి గ్లూకోజు నీళ్ళు, ఆపైన నాలుగు చెంచాల గంజి పట్టించింది. మళ్ళీ మళ్ళీ అదే జరిగింది, ఆ చెంచాల గంజి మీదే రోజులు గడిచాయి. ముందుగా గదిలోకే అన్నం పంపిస్తే, వీరవేణి ఆ కంచం మోసుకొచ్చి త్రిమూర్తులు గారికి పెట్టేసేది. ఆయన రిటైరైన ఆర్టీసీ కండక్టరు. పెట్టిందాన్ని కాదనే అలవాటు ఆయనకు లేదు. పూటకు రెండు భోజనాలతో ఆయన పొట్ట ఎంత పెరిగిందంటే, వరండాలో ఆయన నడిచొస్తుంటే పొట్ట ముందొచ్చి కుశలమడిగేది, ఆయన తర్వాత వచ్చి జవాబు వినేవాడు.

చివరికి హోము మేనేజరు లోవను పిలిచి, ఇంకొక్కసారి ఇలా పడిపోతే తమ వల్ల కాదని చెప్పాడు. ఆస్పత్రి ఉన్న హోముకు మార్చుకోవాలి, అక్కడైతే ముక్కులోంచి గొట్టం వేసి వేళకు పెడతారు అన్నాడు.   గొట్టంలో పప్పు వడ్డించడానికి గరిటె అక్కర్లేదన్నది నాకు అర్థమైంది. ఆవిడ చేతిలో ఇక ఏమీ ఉండదన్నది కూడా.

అప్పుడు త్రిమూర్తులు గారికి ఉపాయం తట్టింది. వీరవేణమ్మ గారు అందరూ తినేదాకా తినరు. కాబట్టి అందరూ తినేసినట్టు కనబడితే సరి. సూది పడగానే అందరూ తినేసినట్టు లేచిపోతారు, ఆవిడ తింటుంది, తర్వాత వీళ్ళు చాటుగా వచ్చి తింటారు. జనం ఎక్కారో లేదో తర్వాత చూసుకోవచ్చు, ముందు రైటు చెప్పేస్తే బస్సు కదులుతుంది అన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద ఆయన ఎంతమందిని రోడ్డు మీద వదిలేశాడో ఎవరూ అడగలేదు. ఎస్తేరు మొదట ఒప్పుకోలేదు, తర్వాత వేరే దారి లేక ఒప్పుకుంది. ఆదివారం లోవ వచ్చేరోజు ముహూర్తం పెట్టారు.

హోమంతా రిహార్సలు వేసింది. పెళ్ళిళ్ళకు కూడా కదలని ముసలివాళ్ళు తేన్పులు సాధన చేశారు. ఒక మాస్టారు గారి తేన్పు ఎంత సహజంగా వచ్చిందంటే, వరండాలో పడుకున్న కుక్క లేచి, తనకు పెట్టకుండా తినేశారని అలిగి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ములక్కాడ పప్పుచారు. సూది పడింది. వీరవేణి నన్ను పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. తడి చేతులు, పప్పుచారు పులిమిన కంచాలు, ఒకటే తేన్పులు. ఇవాళ తొందరగా పెట్టేశారండీ, మా భోజనాలైపోయాయండీ అన్నారు. లోవ గోడ పక్కన నిలబడి చూస్తోంది. వీరవేణి బల్ల వెంబడి నడుస్తూ ఒక్కొక్క కంచాన్నీ చూసింది. త్రిమూర్తులు గారి దగ్గర ఆగింది.

"కరివేపాకు ఏదండీ?"

"తినేసేనండి," అన్నాడాయన.

"ఎండుమిరపకాయో?"

"అదీ తినేసేనండి."

"ములక్కాడ పిప్పో?"

అది కూడా మింగేశానని చెప్పడానికి త్రిమూర్తులు గారు నోరు తెరిచాడు గానీ, జీవితమంతా చిల్లర లేదని చెప్పిన ఆ నోటికి కూడా అంత అబద్ధం పట్టలేదు. కంచాలన్నీ అంచులు ఖాళీగా తెల్లబోయి చూస్తున్నాయి. ఒక్క కంచం పక్కన కూడా కరివేపాకు రెబ్బ లేదు. నమిలి పడేసిన పిప్పి లేదు. ఇంతమంది పెద్దలు ఇన్నాళ్ళు ఆలోచించి తేన్పుల దాకా వెళ్ళారు గానీ, పక్కన తీసిపెట్టేవాటి గురించి ఎవరికీ తోచలేదు.

"నా మెస్సులో కరివేపాకు తిన్న మగోణ్ణి నేను చూళ్ళేదండి," అంది వీరవేణి. కోపంగా అనలేదు. "ఆకలి దగ్గర అబద్ధమాడకూడదండి. కూర్చోండి, వడ్డిత్తాను."

కూర్చున్నారు. ఏం చేస్తారు? ఆవిడ మళ్ళీ మొదటి నుంచీ వడ్డన మొదలుపెట్టింది. లోపల సూది తన పని తను చేసుకుపోతోంది. ఆ సంగతి తెలిసిన ముసలివాళ్ళందరూ ప్రాణాలకు తెగించి తిన్నారు. పళ్ళున్నవాళ్ళు నమలకుండా మింగారు, పళ్ళు లేనివాళ్ళు వాళ్ళకన్నా ముందు మింగారు. మారు వెయ్యనా అంటే రెండు చేతులూ కంచం మీద అడ్డం పెట్టారు. ఎంత తొందరపడినా పెద్దవాళ్ళ గొంతులు పెద్దవాళ్ళ గొంతులే. ఆఖరి మాస్టారు గారు చెయ్యి కడుక్కునేసరికి వీరవేణి నుదురు చెమ్మగిల్లింది. వంటగది గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. నా కాడ సన్నగా వణకడం మొదలైంది.

ఎస్తేరు వేలు గుచ్చి చూసి, షుగరు దిగుతోందమ్మా అంది. గ్లూకోజు కలిపిన గ్లాసు పట్టుకొచ్చింది. వీరవేణి ఆ గ్లాసు తీసుకుని, ఎవరికైనా ఇవ్వడానికి హాల్లోకి తిరిగింది. లోవ అడ్డం వచ్చింది. తిను పిన్నీ అంది. నీకు దండం పెడతాను తిను పిన్నీ అంది. మేనేజరు అవతలి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వీరవేణి లోవ భుజం మీదుగా పొయ్యి వైపు చూస్తూ, వస్తానండీ అంది. సొంత అక్క కూతుర్ని అండీ అంది.

లోవ పొద్దున్నే బయల్దేరింది. అప్పటి నుంచీ ఏమీ తినలేదు. కోపం వచ్చిందో, భయం వచ్చిందో, రెండూ కలిసి ఆకలై వచ్చాయో నేను చెప్పలేను. పిన్ని చేతిలోంచి నన్ను ఒక్క గుంజు గుంజింది. గిన్నె దగ్గరికి వెళ్ళి అడుగు గీకింది. అడుగున చిక్కగా మిగిలింది నాకు అంటుకుని వదల్లేదు. వదలకపోతే ఏ ఆడదైనా ఏం చేస్తుందో అదే చేసింది. నన్ను గిన్నె అంచుకు కొట్టింది.

టంగ్, టంగ్.

నేను నా బతుకులో అంత గట్టిగా ఎన్నడూ మోగలేదు. బిందె, మరచెంబు, గంగాళం, మూడూ ఒకేసారి మోగాయి.

లోవ రెండు కంచాలు కింద పెట్టింది. తనూ కింద కూలబడింది. తల ఎత్తకుండానే అంది.

"రావే వేణీ, నాకూ ఆకలేత్తంది."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో లోవకే తెలియదు. పిన్నిని పేరు పెట్టి పిలిచినందుకు తనే ఉలిక్కిపడింది. నాకు తెలుసు. నిద్రపోయిన పిల్లకు కళ్ళు మూసుకుంటాయి గానీ, చెవులకు మూతలుండవు.

వీరవేణి గుమ్మం దాటింది. లోవకు ఎదురుగా కింద కూర్చుంది. ముందు ఇది తాగు అని లోవ ఆవిడ చేతిలో గ్లాసు చూపిస్తే ఒక్క గుక్కలో తాగింది. లోవ ఆవిడకు వడ్డించి నన్ను పక్కకు జరిపింది. వీరవేణి నన్ను తీసుకుని లోవకు వడ్డించింది. తర్వాత ముద్ద కలుపుకుని తింది. అంతమంది చూస్తుండగా, లోకంలో మొదటిసారి.

హాల్లో ఎవరూ కదల్లేదు. మాస్టారు గారు తేన్పు వస్తే కూడా ఆపుకున్నారు. ఆయనకు ఆరోజు వచ్చిన నిజమైన తేన్పు అదొక్కటే.

వాళ్ళు చేసిన తప్పేమిటో ఆ తర్వాత ఎస్తేరే చెప్పింది. మనందరం తినేశామని చెబుతూ వచ్చామండీ, ఆవిడకు కావాల్సింది తినని మనిషి అంది. నిజమే. హోములో చేరినప్పటి నుంచీ ఆవిడను తినమన్నవాళ్ళందరూ కడుపునిండిన వాళ్ళే, నిలబడి చెప్పినవాళ్ళే.

లోవ డాక్టరు దగ్గరికి వెళ్ళి, సూది ముందు ముద్ద తర్వాత కాకుండా, కంచం ముందు కూర్చున్నాకే వేసే మందు ఏమైనా ఉందా అని అడిగింది. ఉందన్నాడు. ఇలాంటి వాళ్ళకు అదే మేలన్నాడు. మందు మార్చాడు. నూకరత్నం పొయ్యి పక్కన నడిపిన పద్ధతికి చీటీ మీద సంతకం పెట్టి చేతికిచ్చాడు. మేనేజరు గొట్టం మాట మళ్ళీ ఎత్తలేదు.

లోవ ఆదివారాలే రాగలదు. మిగతా రోజులకు తినని మనిషిగా ఉంటానని త్రిమూర్తులు గారు ముందుకొచ్చాడు. మొదటిరోజే ఆయన మీసం మీద బిస్కెట్టు పొడి చూసి వీరవేణి లేచిపోయింది. ఆకలిని నటించడం ఆయన వల్ల కాలేదు. ఇప్పుడు ఎస్తేరు తన భోజనం ఆపుకుంటోంది. అందరి పనీ అయ్యాక కంచం ముందు కూర్చోబెట్టి, సూది వేసి, నన్ను కొట్టి, తనూ తింటుంది. నాకూ ఆకలేస్తోంది వేణమ్మ గారూ అంటుంది. అది అబద్ధం కాదు కాబట్టి వీరవేణి వస్తుంది. ఎస్తేరు కంచం అంచున కూడా కరివేపాకు ఉంటోంది. గడియారం కూడా అన్నం తింటుందని నాకు అప్పుడే తెలిసింది.

నేను ఇప్పుడు వడ్డన లేని వేళల్లో హోము వంటగదిలో స్టీలు గరిటెల మధ్య వేలాడుతున్నాను. వాటితో మాట్లాడుతున్నాను కూడా. వయసు వచ్చాక వంశాలు పట్టించుకోకూడదు. నా కాడ మీద ఒకచోట చిన్న అరుగుదల ఉంది. నూకరత్నం బొటనవేలు ఆనుకుని ఆనుకుని పడింది. వీరవేణి వేలు అక్కడ ఆనదు, ఎస్తేరుదీ ఆనదు. లోవది ఆ అరుగుదలకు కొంచెం కిందగా ఆనుతుంది. ఆ కొంచెం దూరం నాకు ఆదివారం ఆదివారం తెలుస్తూనే ఉంటుంది. వారం పొడవునా ఆ దూరం కోసమే ఎదురుచూస్తాను.

అందరూ లేచాక, వీరవేణి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. పొయ్యి వైపు చూస్తుంది. లోవ నన్ను గిన్నె అంచుకు కొడుతుంది. ఆ మోత పుట్టి ఆగేలోపు, ఆ వేలు ఎవరిదో నాకూ తెలియదు.

"వత్తన్నానక్కా," అంటుంది వీరవేణి.

నేనూ అదే అంటాను. ఇత్తడి గొంతు కాబట్టి, మీకు టంగ్ అని వినిపిస్తుంది.